పదిహేడు మందికి పోయిన చీటి

...గట్ల కాదు బిడ్డా, కొట్టేయ్. "గౌరవనీయులైన దేవిక గారికి" అని రాస్తవా? నేను ఆ పిల్లను ఎన్నడన్న గట్ల పిలిచిన్నా? దేవికా అని రాయి, చాలు. ఫోన్ల రాయకు, కాయితం మీదనే రాయి. నా మాట మెల్లగ వస్తదని నీకు తెలుసు. తొందరపెడితే ఉన్నది సుత మర్చిపోత.

నువ్వు జోయల్ చెల్లెవు, ఈ ఇంట్లనే ఉన్నవు, నీకు అంతా తెలుసు. మీ వదినెకు సగమే తెలుసు. జోయల్ తోటి ఫోన్ల ఏమన్నదో నీకు యాదున్నది గద. "తాత నా గురించి ఎవలికి ఏం చెప్పిండో, ఎవలి దగ్గర ఏముందో మొత్తం నాకు తెలియాలె. అప్పటిదాక నేను మాట్లాడ" అన్నది. న్యాయమే. మాఫీ చెయ్యుమని రాయుమన్నడు జోయల్. మాఫీ సంగతి తర్వాత. ఆమె అడిగింది ముందు చెప్పాలె. దాచకుంట చెప్త. నువ్వు సుత దాచకుంట రాయి. నా తప్పు కాడ అక్షరాలు చిన్నగ రాయకు.

మొదటికెళ్ళి రాయి. ఆమె ఈ ఇంటికి కోడలిగ వచ్చి రెండేండ్లాయె. వచ్చిన నాలుగో నెలల, జోయల్ సరుకుల డీసీఎం బండి తోలుకుంట నాగపూర్ దిక్కు పోయినప్పుడు, వాకిట్ల నా పక్కన కూసొని చెప్పింది. తను పదో తరగతిల ఉన్నప్పుడు మొదటిసారి ఫిట్సు వచ్చినయట. అప్పటిసంది పొద్దుకొకటి, రాత్రికొకటి గోలీ. జోయల్‌కు పెండ్లికి ముందే చెప్పిందట. వాడు సరే అనుకున్నడు. ఇంకెవలికి తెల్వదు. పట్నంల వాచుమన్ పని చేసే మీ బాపుకు, మీ అమ్మకు తెల్వదు. మీ అవ్వ ఐలవ్వకు సుత తెల్వదు.

నేను నెలకొకసారి నా బీపీ గోలీలకు సిద్దిపేట పోత గద. అందుకే నా చేతిల డాక్టరు చీటి పెట్టింది.

"తాతా, దీన్ని నారాయణరావుపేటల చూపియ్యకు, మన దిక్కు ఏ దుకాణంల చూపియ్యకు. సిద్దిపేటలనే తీసుకో. అవ్వకు సుత చెప్పకు. పిల్లలకు చదువు చెప్పే నౌకరి చెయ్యాల్నని ఉన్నది నాకు. ఇది తెలిస్తే ఎవలు ఇస్తరు?"

"నా బనీను జేబుల ఉంటది బిడ్డా. నా పెయ్యి మీదికెళ్ళి పోదు" అన్న.

ఏడాదిన్నర దాక ఎటూ పోలేదు. చీటిని ప్లాస్టిక్ కవర్ల పెట్టి, బనీను లోపలి జేబుల పెట్టి, పిన్నీసు గుచ్చేటోన్ని. స్నానం చేస్తే కవరు తీసి గూట్ల పెట్టి, దాన్నే చూసుకుంట నీళ్ళు పోసుకునేటోన్ని. మీ అవ్వ అడిగితే పింఛను కాయితం అని చెప్పిన. జూన్ల దేవికకు నౌకరి సుత దొరికింది. మన నారాయణరావుపేట ప్రైవేటు బడిల నర్సరీ పిల్లలకు టీచరమ్మ. ఆ పిల్లలు ఆదివారం సుత మన ఇంటికి వచ్చి "మేడం ఉన్నదా" అని అడుగుతుండిరి.

మరి గంత పైలంగ ఉన్నోడు ఎట్ల చెడగొట్టిండు? గది రాయి.

సిద్దిపేటల గజేందర్ మందుల దుకాణం. మంచోడే. నేను పోతే స్టూలు ఏసి మంచినీళ్ళు ఇస్తడు. పోయిన నెల మోకాళ్ళు పట్టుకొని మెట్లెక్కిన. చూసిండు.

"తాతా, గీ మోకాళ్ళతోటి నెలనెలా బస్సెక్కి ఎందుకొస్తవే? నీ ఫోన్ల యాప్ ఏసిస్త. గోలీలు ఇంటికే వస్తయి."

"డబ్బా మీద ఏం రాసుంటది?" అని అడిగిన. ఆమె గోలీల పేరు రాసుంటదేమోనని నా భయం.

"ఏం రాసుండదు. మూసిన డబ్బా. లోపల ఏమున్నదో పైనున్న దేవునికి, నీకు, అంతే."

గా మాటకు పడిపోయిన. బస్సుల పోతే ఎవలన్న కలుస్తరు, సంచి పట్టి చూస్తరు, ఎవలి గోలీలు అంటరు. గిదైతే ఎవలికీ తెల్వదు, గిదే మంచిది అనుకున్న. దాచిపెడదామనే ఒప్పుకున్న. గిది మంచిగ రాయి. తప్పించుకునేటందుకు కాదు, సంగతి గిదీ అని.

గజేందర్ నా ఫోను తీసుకున్నడు. చీటిని ఫోటో కొట్టిండు.

"ఫోటో ఎందుకు?"

"చీటి లేకుంటే వాళ్ళు గోలీలు ఇయ్యరు తాతా."

చీటి మళ్ళ నా చేతిల పెట్టిండు. నేను కవర్ల పెట్టి, జేబుల పెట్టి, పిన్నీసు గుచ్చుకున్న. నా చీటి నా దగ్గరనే ఉన్నది అని నిమ్మలమైన. ఎంత తెలివో చూడు.

తర్వాత పేరు అడిగిండు, చెప్పిన. వయసు, ఇంటి నంబరు, ఊరు, ఎన్నేండ్లసంది వాడుతుంది, అన్ని చెప్పిన. నాయి చెప్పిన, దేవికయి చెప్పిన. తర్వాత ఒక పెద్ద రాత వచ్చింది. వేలుతోటి పైకి గుంజుతుండు, గుంజుతుండు, అది ఒడుస్త లేదు.

"గిందుల ఏం రాసుంది బిడ్డా?"

"నేనే ఎన్నడు చదువలే తాతా. గిది చదివేటోడు ఎవడున్నడు? కింద 'ఒప్పుకుంటున్న' అని ఉంటది, అందరు ఒత్తుడే."

"ఒత్తు" అన్న.

నా రెండెకరాల పాసుపుస్తకం వచ్చిననాడు మూడుసార్లు చదివిపిచ్చుకొని గాని బొటనవేలు పెట్టలే నేను. ఆఫీసు సారు యాష్టపడ్డడు, అయినా ఇడిసిపెట్టలే. నా భూమికి మూడుసార్లు. ఆమె సంగతికి ఒక్కసారి సుత లేదు. ఎందుకంటే అది నాది కాదు. గట్లనే రాయి, మార్చకు.

ఇగ అసలుది. ఫోను ఏమో అడిగింది, గజేందర్ నాకు చెప్పిండు: "మీ ఇంటోళ్ళను కలుపాల్నట తాతా. గోలీలు ఒడిసే ముందు వాళ్ళకు యాది చేస్తదట. నీ ఫోన్ల ఉన్నోళ్ళల్ల మీవోళ్ళు ఎవలు?"

"అందరు మావోళ్ళే" అన్న.

"అట్లంటే ఎట్ల? పేర్లు చదువుత, ఏమైతరో చెప్పు. అమృతమ్మ?"

"చెల్లె."

ఒత్తిండు.

"రాజమల్లయ్య?"

"బావ."

"లింగవ్వ?"

"వదినె. జర నోరెక్కువ."

"నోరు గురించి అడుగలేదులే. రాజశేఖర్ సార్?"

"అల్లుడు."

"సారంటవ్, అల్లుడంటవ్. ఎట్లయితడు తాతా?"

"ఆయన బాపు నన్ను బావా అంటుండె. బావ కొడుకు అల్లుడే గద."

గజేందర్ నవ్విండు. "నువ్వు అదృష్టవంతునివి తాతా. నా ఇంట్ల ముగ్గురమే, ముగ్గురికి మాటల్లేవు" అన్నడు. ఒత్తిండు.

మన ఊర్ల ఎవలిని పేరు పెట్టి పిలుస్తం చెప్పు? కులం ఏదైనా గాని ఒక వరుస ఉంటది. కిరాణం ఆయన కాక. ట్రాక్టరోడు తమ్ముడు. పాలు పోసే ఆమె అత్త. పుట్టిననాటికెళ్ళి గట్లనే పిలిచిన, గట్లనే చెప్పిన. "మీవోళ్ళా?" అని అడిగితే కాదని ఏ నోటితోటి చెప్పాలె? జోయల్ కాక పదిహేడు మంది. దేవిక నంబరు మాత్రం లేదు. ఇంట్లనే ఉండే పిల్ల, నంబరు ఎందుకని నా ఫోన్ల ఎన్నడు ఎయ్యించుకోలే. అంటే మొత్తం ఊరిని అడిగినం బిడ్డా, ఆమెనొక్కదాన్నే అడుగలే.

నెల మొదటి తారీఖు, శనివారం. నా ఫోను టింగుమన్నది. నాకు చదువ రాదు, చార్జింగు పెట్టి పన్నుకున్న. జోయల్‌కు సుత వచ్చింది గాని వాడు బండి మీదున్నడు, చూడలే. మిగిలినోళ్ళు చూసిన్రు. తర్వాత నువ్వు నాకు చదివి చెప్పినవ్ గద, ఆ మాటలు ఉన్నయి ఉన్నట్టు రాయి: "దుబ్బయ్య గారి కుటుంబ సభ్యులకు నమస్కారం. దేవిక గారి ఫిట్స్ మందులు మూడు రోజుల్లో అయిపోతున్నాయి. మందులు ఆపకుండా వాడేలా చూడండి." కింద గోలీల పేరు, చీటి ఫోటో. మర్యాదకు తక్కువ లేదు. నమస్కారం సుత పెట్టిన్రు.

తెల్లారి ఆదివారం. చర్చిల పాటలైనయి. పాస్టర్ అయ్యగారు ప్రార్థన మనవులు ఎవలికన్న ఉన్నయా అని అడిగిండు. ఆయన పద్ధతి మనకు తెలుసు. ఎంత చిన్న బాధైనా "మన సంఘంల ఒక సహోదరి కోసం" అంటడు, "ఒక కుటుంబం కోసం" అంటడు. పేరు ఎత్తడు. మనం చీటి మీద పేరు రాసిచ్చినా ఎత్తడు. కానీ ఆనాడు అమృతమ్మ తనే లేచింది. మంచి మనసే, నేను కాదన.

"అయ్యగారూ, మా దుబ్బయ్యన్న మనుమని పెండ్లాం దేవికకు ఫిట్సు వస్తున్నయట. పాపం, అన్ననే ఫోన్ల అందరికి పంపిండు. పొల్ల మీ కండ్ల ముందటనే కూసున్నది. అందరం చేతులెత్తుదాం."

ఆడోళ్ళ దిక్కు మూడో వరుసల ఉన్నది దేవిక. తలకాయలన్ని అటు తిరిగినయి. నా బనీను జేబు మీదికి నా చెయ్యి తనంతట తనే పోయింది. చీటి ఉన్నది. పిన్నీసు ఉన్నది. మరి ఎట్ల పోయింది? ప్రార్థన ఒడిసింది, అందరు కండ్లు తెరిచిన్రు, ఆమె తెరువలే. ఆఖరి పాట ఒడిసేదాక తెరువలే.

ఇంటికొచ్చినంక మీ అవ్వ చెప్పుల సుత విడువలే.

"నలభై ఎనిమిదేండ్లాయె నీతోటి సంసారం. నాకు చెప్పకుంట ఊరందరికి చెప్పినవా?"

"నేను ఎవలికి చెప్పలే."

"మరి ఎవలు చెప్పిన్రు, నీ బనీను చెప్పిందా? పింఛను కాయితమని నాకు చెప్పినవ్ గద!"

దేవిక ఆమెను ఆపింది. నా ముందటికి వచ్చి నిలబడ్డది. అరవలే. అరిస్తే మంచిగుండు.

"తాతా, ఒక్కటే అడుగుత. నా చీటి ఎవలికన్న ఇచ్చినవా?"

"దేవుని సాక్షి, ఇయ్యలే" అని పిన్నీసు తీసి, కవరు తీసి చూపెట్టిన. "చూడు, గీడనే ఉన్నది."

"ఫోటో తీసిన్రా?"

"తీసిన్రు."

"అంటే ఇచ్చినట్టే తాతా."

నా చేతిలకెళ్ళి కవరు తీసుకున్నది. మళ్ళ నాకియ్యలే.

సోమవారం బడికి పోయింది, పదకొండు కొట్టకముందే వచ్చింది. కొన్ని దినాలు ఇంట్ల ఉండుమన్నడట బడి నడిపే రాజశేఖర్. మంగళవారం సంచి సదురుకొని జగదేవ్‌పూర్ వాళ్ళవ్వగారింటికి పోయింది. బస్సుదాక వస్త అన్న. "వద్దు తాతా" అన్నది. తాతా అనుడు మాత్రం ఇడువలే. నాకు దాంతోటే ఎక్కువ కష్టమైంది.

రాస్తున్నవా? నీళ్ళు తాగు. నేను సుత తాగుత.

ఆమె పోయిన రెండో దినం నా ఫోనుకు ఎవడో చేసిండు. "దేవిక గారి ఇల్లేనా అండి? ఫిట్సుకు నలభై రోజుల కోర్సు ఉందండి, పక్కా గ్యారంటీ." నీకు ఎవలు చెప్పిన్రురా అంటే పెట్టేసిండు. తెల్లారి ఇంకొకామె, బీమా అట. గోలీలు అమ్మేటోళ్ళు గా ముచ్చట ఇంకెవలికి అమ్ముకున్నరో, లేకుంటే గా పదిహేడు మందిల ఎవలి ఫోనుకెళ్ళి పోయిందో, నాకు తెల్వదు, తెలుసుకునే తోవ లేదు. తెల్వంది తెల్వదనే రాయి.

అప్పుడు గద నేను, నువ్వు గా కంపెనీకి ఫోను చేసింది. మీ వదినెకు గది తెల్వదు, రాయి. ఒకటి ఒత్తు, మూడు ఒత్తు, తొమ్మిది ఒత్తు. పాట పెట్టిన్రు. నా జీవితంల గంత సేపు పాట చర్చిల సుత వినలే. ఆఖరికి ఒక ఆడపిల్ల వచ్చింది.

"నమస్కారం సార్, మీకు ఎలా సహాయపడగలను?"

"నా మనుమని పెండ్లాం పేరు, చీటి, మీ కాడున్నది మొత్తం తీసెయ్యుండ్రి."

"తప్పకుండా సార్. మీ పుట్టిన తేదీ చెప్పండి."

"నాకు తెల్వదమ్మా. రజాకార్ల లొల్లి అయినంక మూడు నాలుగేండ్లకు పుట్టిన్నని మా అవ్వ అంటుండె."

"ఆధార్‌లో ఉన్న తేదీ చెప్పండి సార్."

చెప్పినం. అప్పుడు నేను అడిగిన, అసలు ఆమెయి ఏమేం పెట్టుకున్నరు మీ కాడ అని.

"క్షమించాలి సార్. దేవిక గారి వివరాలు ఆమె వ్యక్తిగతం. గోప్యత కారణంగా మీకు చెప్పలేము."

"నాకు చెప్పరా! పదిహేడు మందికి చెప్పిన్రు, ట్రాక్టరోనికి చెప్పిన్రు, నాకు చెప్పరా?"

నువ్వు నవ్వినవ్. నాకు ఒళ్ళు మండింది. గా పిల్లను తిట్టి ఏం లాభం, ఆమె సుత ఎక్కడనో కూసొని కూలి చేసుకునేదే. మీ పెద్దోళ్ళను ఇయ్యి అన్న. మళ్ళ పాట. ఒకాయన వచ్చిండు.

"సార్, తొలగించాలంటే ఆమె ఆధార్ ఫోటో, ఆమె ముఖం ఫోటో అప్‌లోడ్ చేయాలి. లేదా ఆమె మొబైల్ నంబర్ చెప్పండి, ఓటీపీ పంపిస్తాం."

"ఉన్నది తీసెయ్యమంటే లేనిది అడుగుతరేంది? ఆమె నంబరు మీ కాడ లేదు గద."

"లేదు సార్. చెబితే చేర్చుకుంటాం."

నువ్వు చెప్పబోయినవ్ బిడ్డా, యాదున్నదా? నేను నీ నోటి మీద చెయ్యి పెట్టిన. "చెప్ప" అన్న. "ఆమెను అడిగి, ఆమె సరే అంటే, ఆమెనే చేస్తది" అన్న. ఆయన "మీ ఇష్టం సార్" అని, నా సేవకు ఎన్ని మార్కులేస్తరు అని అడిగిండు.

తర్వాత కూసొని ఆలోచించిన. తీసెయ్యనీకి ఆమె ఒప్పుకోవాల్నంటరు. మంచిదే. తీసుకునేనాడు సుత గా మాటే అడిగితే గింత లొల్లి లేకపోవు. కంపెనీది ఎంత తప్పో నాది గంతే తప్పు, నేను సుత అడుగలే. నువ్వు ఆనాడే నా ఫోన్ల గా యాప్‌లకెళ్ళి పదిహేడు పేర్లు ఒక్కొక్కటి తీసేసినవ్. ఇగ ఎవలికి పోదు. కానీ పోయింది పోయింది గద. దానికి నేనే తిరుగుదామనుకున్న.

మొదలు లింగవ్వ. ఇంటి ముందట చింతపండు కొడుతుంది.

"ఏం బావా, తోవ తప్పినవా?"

"వదినె, నీ ఫోన్ల దేవిక గురించి ఒకటి వచ్చింది, అది తీసెయ్యి. ఆమెకు ఫిట్సు అని ఉన్నది గాని, మూడేండ్లసంది ఒక్కసారి సుత రాలే. మంచిగున్నది."

లింగవ్వ కొట్టుడు ఆపింది. "దేవికకు ఫిట్సా? ఎప్పటికెళ్ళి?"

"నీ ఫోన్ల రాలేదా?"

"నాకు చదువ వస్తదా బావా? నా కొడుకు వస్తెనే గా ఫోను తెరిచేది. నువ్వు చెప్తెనే ఇన్న."

తీసెయ్యనీకి పోయి నేనే చెప్పొచ్చిన. ఫోను చెయ్యని పని నా నోరు చేసింది. మూడేండ్ల ముచ్చట సుత కలిపి. ఇది దేవికకు తప్పకుంట చదువు. లింగవ్వకు చెప్పింది కంపెనీ కాదు, నేను. లింగవ్వ అన్నది, "పో బావా, నేనెవలికి చెప్త. నా నోరెక్కువని ఊరంత అంటరు గాని, నీ నోరంత లేదు."

అప్పటిసంది మాట మార్చిన. ఎవలింటికి పోయినా ఏం సంగతో చెప్పలే. "మొదటి తారీఖు నా పేరు మీద మీ ఫోనుకు ఒకటి వచ్చింది, పచ్చని ఆకు బొమ్మ ఉంటది, అది నా ముందట తీసెయ్యుండ్రి" అని గంతే. ఎందుకంటే, తప్పువోయింది అని. ఏందది అంటే, నాది కాదు చెప్పనీకి అని. కొందరు నవ్విన్రు, కొందరు చాయ్ పోసిన్రు. కిరాణం కాక యాష్టపడుకుంట తీసిండు. పదకొండు మంది నా కండ్ల ముందట తీసేసిన్రు. నలుగురు ఎప్పుడో తీసేసినమన్నరు, నేను నమ్మిన, ఏం చేస్త మరి. అమృతమ్మ ఏడ్చింది. "నేను మంచికే లేచిన అన్నా" అన్నది. నేను సుత మంచికే ఒత్తిపిచ్చిన చెల్లె అన్న.

రాజమల్లయ్య బావ వేరేవాళ్ళకు పంపిండు. "మా కల్లు గీతపనోళ్ళ గ్రూపుల ఏసిన బావా. ఎవలికన్న నాటు మందు తెలుస్తదేమో అని. రెండు మందులు చెప్పిన్రు సుత" అని సంబురంగ చూపెట్టిండు. ఆ గ్రూపుల అరవై మంది. అందుల ఆయన తీసేసినా వాళ్ళ ఫోన్లల్ల ఉన్నదో లేదో తెల్వదు. గది సుత రాయి.

ఇగ ఆఖరుకు రాజశేఖర్. బడిల ఆఫీసు రూముల కూసున్నడు. లేచి కుర్చీ ఏసిండు.

"మామా, నీకు నా మీద కోపమున్నది."

"ఉన్నది అల్లుడా. పొల్ల ఏం తప్పు చేసిందని ఇంటికి పంపినవ్?"

"తప్పు చెయ్యలే. మంచి టీచరమ్మ. పిల్లలు రోజూ అడుగుతున్నరు. కానీ మూడేండ్ల పిల్లలు మామా. తల్లిదండ్రులు ఇద్దరు వచ్చిన్రు, ఏమన్న అయితే ఎవలు జిమ్మేదారి అని. నేనేం చెప్పాలె?"

"వాళ్ళకెట్ల తెలిసింది?"

"నువ్వే పంపినవ్ గద మామా. నాకు నువ్వే పంపినవ్." ఫోను తీసి నా ముందట పెట్టిండు. ఆకు బొమ్మ, నా పేరు, నమస్కారం.

మూడేండ్లసంది రాలేదురా అని నోటి దాక వచ్చింది. డాక్టరు ఏమన్నడో, ఏ గోలీ ఎంత తగ్గించిండో, మొత్తం నాలుక మీదికి వచ్చింది. చెప్తే రేపే నౌకరి ఇస్తడేమో. చెప్పలే. మింగిన. అది ఎప్పుడు చెప్పాలె, ఎవలికి చెప్పాలె అనేది ఆమె లెక్క.

ఫోన్లకెళ్ళి తీసెయ్యుమన్న. నా ముందట తీసిండు. తర్వాత అన్నడు, "డాక్టరు దగ్గరికెళ్ళి రాయిపిచ్చుకొని రా మామా, పిల్లల దగ్గర ఉండొచ్చు అని ఒక్క ముక్క. నేను తల్లిదండ్రులతోటి మాట్లాడుత, తీసుకుంట."

"నేను తేను" అన్న.

"ఎందుకు?"

"ఆమె కాయితాలు మోసేది బందు చేసిన. నువ్వు చెప్పిన మాట ఆమెకు అందిస్త, గంతే. తెచ్చుడు తేకపోవుడు ఆమె ఇష్టం. తెస్తే మాత్రం నువ్వొక్కనివే చూడాలె. నీ బీరువాల పెట్టి తాళమెయ్యాలె, ఫోటో కొట్టొద్దు, ఎవలికి చూపెట్టొద్దు."

"సరే మామా" అన్నడు. నమ్ముతవా లేదా అని దేవిక నన్ను అడిగితే, సగం నమ్ముత అని రాయి.

గంతే బిడ్డా, ఇప్పుడు ఉన్న లెక్క. కంపెనీ కాడ ఆమె పేరు, వయసు, మన ఇంటి నంబరు, ఎన్నేండ్లసంది వాడుతుంది, చీటి ఫోటో ఉన్నయి. ఆమె ఫోన్ నంబరు నా తరఫున పోలే. తీసేపియ్యాలంటే ఏం చెయ్యాల్నో నువ్వు ఒక పక్కకు రాసినవ్ గద, అది వెనుక కుట్టు. ఆమె నంబరు ఇస్తనంటే ఓటీపీ వస్తది. ఇయ్యకపోతె చీటి ఫోటో వాళ్ళ కాడనే ఉంటది. ఏది మంచిదో నాకు తెల్వదు, నేను చెప్ప. ఓటీపీ వస్తే ఎవలికి చెప్పకుమను. జోయల్‌కు వద్దు, నాకైతే అస్సలు వద్దు. గోలీలు ఈ నెల జోయల్ తెచ్చి ఇచ్చిండట. ఇగమీద ఎవలు తేవాల్నో సుత ఆమెనే చెప్పాలె. మోకాళ్ళ సంగతి రాసినవైతే కొట్టేయ్. పాపమనుకొని మాఫీ చేస్తది.

రమ్మని రాయకు. వస్తవా అని సుత రాయకు. ఆమె అడిగింది నేను చెప్పిన, ఇగ ఆమెకు ఎట్ల తోస్తే అట్ల. నా వేలిముద్ర కింద ఏస్త, ఇంకు డబ్బా తే. ముందు మొత్తం నాకు చదివి వినిపియ్యి. మూడుసార్లు.

పొద్దుగాల బస్సుకు నువ్వు పో. సిద్దిపేటల దిగి గజ్వేల్ బస్సెక్కు, ఆడికెళ్ళి జగదేవ్‌పూర్. కాయితం ఇంకెవలి చేతికి ఇయ్యకు. వాళ్ళింట్ల అందరు కూసున్నప్పుడు తియ్యకు. దేవిక ఒక్కతే ఉన్నప్పుడు, తలుపు దగ్గరికేసి, నా మాట లెక్కనే మెల్లగ చదివి వినిపియ్యి, చదివినంక కాయితం ఆమె చేతికే ఇయ్యి. నడుమ ఎవలన్న వస్తే ఆపు, పోయినంక మళ్ళ చదువు.